మీటింగు అయ్యాక

జులై 8, 2025, మంగళవారం, భీమవరం

ఎల్లుండే రైతు సదస్సు. ఫంక్షన్ హాలు ఖాయమైంది, భోజనాలవాళ్లకి అడ్వాన్సు వెళ్లింది, ఫ్లెక్సీలు సాయంత్రానికి వస్తాయన్నారు. జులై 10 జాతీయ మత్స్య రైతుల దినోత్సవం కాబట్టి ఆ తేదీ పెట్టారు. 1957లో ఆ రోజే ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి హార్మోను ఇంజెక్షనుతో పెంపకం చేపల చేత గుడ్లు పెట్టించారు. ఇవాళ కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువులకి హేచరీల నుంచి సీడు వస్తోందంటే దాని మూలం అక్కడుంది. ఫ్లెక్సీ మీద ఈ సంగతి ఒక్క ముక్క లేదు. మా మేత బస్తా బొమ్మ మాత్రం నాలుగు చోట్ల ఉంది.

కంపెనీలో నాది కస్టమర్ ట్రైనింగ్. రొయ్యల రైతులకి నేర్పాలి, ఆ నేర్పడం వల్ల మేత అమ్ముడుపోవాలి. రెండూ ఒకటేనంటారు సార్. ఒకటి కాని రోజులు కూడా ఉంటాయని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

సాయంత్రం పిలిచి చెప్పారు: "ఈసారి కెమెరావాళ్లని పెట్టండమ్మా. మొత్తం తీయించి యూట్యూబ్‌లో పెట్టేద్దాం. రానివాళ్లు చూసుకుంటారు."

రానివాళ్లు ఎవరు, ఎందుకు రారు అన్నది ఎల్లుండి గమనించాలి.

జులై 10, గురువారం

పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ రొయ్య గుల్ల విడుస్తుందని రైతుల లెక్క. గుల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది, మేత తినదు, పక్క రొయ్యలు దాన్ని పీక్కుతింటాయి. అలాంటి రోజున రైతుని చెరువు మీంచి కదపడం కష్టం. అయినా హాలు నిండింది. బిర్యానీ మహిమ కొంత, ఉపన్యాసానికి పిలిచిన డాక్టర్ గారి పేరు కొంత.

డాక్టర్ గారు ఈహెచ్‌పీ గురించి బాగా చెప్పారు. అది పురుగు కాదు, బ్యాక్టీరియా కాదు, రొయ్య కాలేయంలో చేరే సూక్ష్మజీవి. రొయ్యని చంపదు, ఎదగనివ్వదు. మందు లేదు. సీడు దించేముందు పీసీఆర్ పరీక్ష, పంట అయ్యాక చెరువు ఎండబెట్టి కాల్చిన సున్నం, ఈ రెండే దారులు. తెర మీద స్లైడ్లు ఇంగ్లీషులో ఉన్నాయి. వెనక వరసలవాళ్లు వాటిని ఫోనుతో ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫోటోలు మళ్లీ ఎవరైనా తెరుస్తారా అన్నది నాకు అనుమానమే.

అసలు చదువు చేతులు కడుక్కునేచోట నడిచింది. డాక్టర్ గారిని ఏడెనిమిది మంది చుట్టుముట్టారు. ఒకాయన ఫోన్లో రొయ్య ఫోటో చూపిస్తున్నారు, ఇంకొకాయన నీటి రిపోర్టు చదివి వినిపిస్తున్నారు, మూడో ఆయన "అలాక్కాదండీ, మా చెరువుకి అది పనిచెయ్యలేదు" అని అడ్డం తిరుగుతున్నారు. కెమెరా అబ్బాయి అప్పటికి స్టాండు సర్దేసి భోజనానికి కూర్చున్నాడు.

ఇంకొకటి గమనించాను. హాల్లో కూర్చున్నది చెరువు యజమానులు, లీజుదారులు. పొద్దున్నే మేత చల్లేది, రాత్రి ఏరేటర్ ఆగిపోతే పరుగెత్తేది చెరువు మీద ఉండే కుర్రాడు. రానివాళ్లంటే ముందు వాళ్లే.

జులై 14, సోమవారం

వీడియో రెండు గంటల పైచిలుకు. శుక్రవారం ఎక్కించాం. ఇవాళ యూట్యూబ్ స్టూడియోలో జనం ఎంతసేపు చూశారో చెప్పే గీత తెరిచాను. మొదటి నిమిషం దీపం, శాలువాలు, స్వాగతోపన్యాసం. గీత అక్కడే గట్టు తెగినట్టు కిందికి పోయింది.

ఒక్కచోట మళ్లీ పైకి లేచింది. అంటే జనం వెనక్కి జరిపి చూశారు. ఏముందా అని చూస్తే, ఒక రైతు లేచి "సున్నం ఎకరానికి ఎంత వెయ్యాలండీ?" అని అడిగిన చోటు. హెక్టారుకి 6 టన్నులు, అంటే ఎకరానికి దాదాపు 2,400 కిలోలు అన్నారు డాక్టర్ గారు. మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కాలన్నారు. హాలంతా గొణుగుడు. ఎవరో "అమ్మో" అన్నది కూడా రికార్డయింది.

ఉపన్యాసాన్ని వదిలేసినవాళ్లు ప్రశ్న దగ్గర ఆగారు. ఇది రొయ్యల రైతుల ఓపిక సంగతి కాదు. 2014లో ఫిలిప్ గువో బృందం ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరు లెక్క తీసింది. వీడియో ఎంత పొడుగున్నా సగంమంది ఆరు నిమిషాలు దాటలేదు. వాళ్లు చదువుకుందామని తమంతట తాము వచ్చినవాళ్లు. మేత బస్తా మోసి అలిసినవాడు మన కోసం రెండు గంటలు ఎందుకు కూర్చుంటాడు?

సార్‌కి గీత చూపించాను. "అయితే ముక్కలు కొట్టండి" అన్నారు. ముక్కలు కొడితే ఉపన్యాసం ముక్కలవుతుంది, అంతే. అలా కాక, ప్రశ్నలన్నీ కాగితం మీదికి ఎక్కించి, ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు విడిగా చేయాలి. చేతులు కడుక్కునేచోట అడిగినవాటితో సహా.

జులై 17, గురువారం, ఉండి దగ్గర

చెక్‌ట్రే అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే వల తట్ట. దాన్ని చూసే పద్ధతి మీద వీడియో తీశాం. ఈ పనిని మాటల్లో చెప్పబోతే అరగంట పడుతుంది, చేతులతో చూపిస్తే నాలుగు నిమిషాలు.

మధ్యాహ్నం వెళ్లాం. ఎండ ఉన్నంతసేపు నీటిలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి కరెంటు ఖర్చు చూసుకుని ఏరేటర్లు కొన్ని ఆపుతారు. మాట వినబడాలంటే ఆ వేళే పని. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది, అప్పుడు వాటిని ఆపడమనే మాటే ఉండదు. షూటింగ్ వేళ చెరువు చెప్పింది, మేం విన్నాం.

చెరువు మీద ఉండే అబ్బాయిది శ్రీకాకుళం వైపు. కెమెరా చూసి బిగుసుకుపోయాడు. మైకు తీసేసి, "నువ్వేం మాట్లాడకు తమ్ముడూ, రోజూ చేసే పని చెయ్యి" అన్నాను. వల తట్ట నీటిలోంచి మెల్లగా లేపాడు. మిగిలిన మేతని వేలితో ఒక పక్కకి తోశాడు. ఒక రొయ్యని తీసి వెలుగుకి ఎత్తి వీపు మీది పేగు చూపించాడు. మేత రంగులో నిండుగా ఉంటే తిన్నట్టు, ఖాళీగా ఉంటే తిననట్టు, తెల్లగా ఉంటే ఫోన్ చేయాల్సినట్టు. తట్టలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి. ఆ అబ్బాయి తగ్గించే కొలత చూస్తే డాక్టర్ గారి స్లైడులో పట్టికకి దగ్గరగానే ఉంది. నేర్పింది ఎవరని అడిగితే నవ్వి, "చెరువేనండి" అన్నాడు.

యజమాని గారు ఒక్క షరతు పెట్టారు: మొహాలు వద్దు, చెరువు ఏ ఊళ్లోదో తెలియనివ్వద్దు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎంతకి వచ్చిందో, తెగులు ఉందో లేదో బయటికి పొక్కితే కొనేవాళ్లు రేటు కోస్తారట. అందుకే తెరమీద చేతులు, తట్ట, రొయ్య. అంతే చాలు కూడా.

జులై 21, సోమవారం

ఇవాళ గొంతు మాత్రమే. ఆకివీడు వైపు రైతు, అరవై దాటినాయన. కిందటేడు వైట్ స్పాట్ తెగులు వచ్చి పంట పోయింది. కెమెరా ముందు కూర్చోనన్నారు. మైకు అయితే సరే, పేరు చెప్పకూడదు.

స్టూడియో ఏమీ లేదు. రావిచెట్టు కింద కారు ఆపి, అద్దాలు ఎక్కించి, ఏసీ కట్టేసి మాట్లాడించాను. చెమటలు కారిపోయాయి గానీ గొంతు శుభ్రంగా వచ్చింది.

మొదట అంతా వాతావరణం మీదికి నెట్టారు. కాసేపాగి, అడక్కుండానే అన్నారు: "చచ్చిన చెరువు నీళ్లు బ్లీచింగ్ వేసి ఆపాలని తెలుసమ్మా. రాత్రికి రాత్రి కాలవలోకి వదిలేశాను. వారం తిరక్కుండా కింది చెరువుకి తగిలింది. ఆయన నాకు వరసకి బావ. ఇప్పటికీ చెప్పలేదు."

ఈ మాట సదస్సులో ఏ రైతూ లేచి అనడు. వీడియోలో అస్సలు అనడు. చేసే పని చూపడానికి కెమెరా కావాలి, తప్పిన పని చెప్పుకోవడానికి చీకటి లాంటి గొంతు కావాలి. ఏది వీడియో, ఏది ఆడియో అన్న లెక్క నాకు ఇక్కడ తేలింది.

గొంతు గుర్తుపడతారేమోనని సాయంత్రం మళ్లీ ఆయనకి ఫోన్ చేశాను. మొత్తం వినిపించాను. "బావ గుర్తుపడితే పట్టనీ, నేను చెప్పుకోలేనిది అదే చెప్తుంది" అన్నారు. అయినా ఊరి గుర్తులు తీసేశాను.

ఇలా గొంతు మాత్రమే పంపే పాడ్‌కాస్ట్‌కి ఇంకో లాభం కూడా ఉంది. డబ్బు కట్టనివాళ్లకి యూట్యూబ్ తెర ఆపితే గొంతు కూడా ఆగిపోతుంది. మేత చల్లేవాడు ఫోన్ జేబులో పెట్టుకోవాలి, చేతులు ఖాళీ ఉండవు. పాడ్‌కాస్ట్ యాప్‌లో గానీ వాట్సాప్‌లో ఫైలుగా గానీ పెడితే తెర ఆరినా మాట సాగుతుంది.

జులై 24, గురువారం, అమావాస్య

నిన్న సాయంత్రం ఏడింటికి రైతులకి వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ పంపాను. ఈ రెండ్రోజులు మేత ఎంత తగ్గించాలి, రాత్రి ఏరేటర్లు ఎందుకు ఆపకూడదు, చెక్‌ట్రేలో మెత్తని రొయ్య ఎన్ని కనబడితే కంగారుపడాలి. రెండు వారాల కిందట హాల్లో ఇవే మాటలు చెప్పారు. అప్పుడు అవసరం లేదు కాబట్టి ఎవరికీ అంటలేదు. నిన్న రాత్రి అవసరముంది.

జవాబులు కూడా గొంతులోనే వచ్చాయి. టైపు చేసినవాళ్లు ఒకరిద్దరే. ఏరేటర్ల హోరులోంచి, మోటారు సైకిలు మీంచి, ఒకాయన ఇంట్లో సీరియల్ మోతలోంచి. "మా ఆవిడ విని నాకు చెప్పిందండి, మీరు చెప్పినట్టే తగ్గించాం" అన్నారొకాయన. మా కస్టమర్ల జాబితాలో ఆవిడ పేరు లేదు. ఆయన పేరే ఉంది. చెరువు ఖాతా పుస్తకం రాసేది ఆవిడేనట.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక మెలిక ఉంది. మన నంబరు తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే మాట చేరుతుంది. అమ్మకాలవాళ్లు ఇది అడ్డంకి అంటారు. నాకు ఇదే సరైన కొలతగా తోస్తోంది. నంబరు దాచుకోవడమంటే మన మాట మళ్లీ వినడానికి ఒప్పుకోవడం. సదస్సు రోజు రిజిస్టర్లో సంతకం పెట్టినవాళ్లందరూ ఒప్పుకున్నట్టు కాదు.

ఆగస్టు 1, శుక్రవారం

ఇవాళ్టికి సరిగ్గా యాభై ఏళ్లు. 1975 ఆగస్టు 1న సైట్ ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి నేరుగా టీవీ. మన ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్ల దొడ్డి జాలీతో చేసిన గొడుగు యాంటెన్నా, ఊరికొక టీవీ పెట్టె, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం. కార్యక్రమాలు తయారయ్యే కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. ఏడాది నడిచి 1976 జులై 31న ఆగింది.

నాన్న గారు రేడియో మనిషి. భోజనాల దగ్గర ఈ మాట తెస్తే, "టీవీ వచ్చిందని కాదమ్మా, టీవీ చుట్టూ ఏం పెట్టారన్నది చూడు" అన్నారు. నిజమే. ఆ ఏడాదే దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకి సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠం ఒక్కటే కాదు. రేడియో, అచ్చు పుస్తకం, చేతులతో చేసే ప్రయోగాలు, పక్కన ఉండి సందేహం తీర్చే మనిషి, అన్నీ కలిపారు.

అంతకంటే ముందు పూనా. 1956లో ఆకాశవాణి, యునెస్కో కలిసి అప్పటి బొంబాయి రాష్ట్రంలో 150 పల్లెల్లో రేడియో వేదికలు పెట్టాయి. వారానికి రెండు చొప్పున 20 కార్యక్రమాలు. ఊళ్లో ఒక గుంపు కూడి వినాలి, విన్నాక చర్చించాలి, తేల్చుకోలేని ప్రశ్నలు ఆకాశవాణికి రాయాలి, జవాబు మళ్లీ రేడియోలో రావాలి. పాల్ న్యూరాత్ లెక్కలు తీస్తే వేదికలున్న పల్లెలు లేని పల్లెల కంటే చాలా ఎక్కువ నేర్చుకున్నాయని తేలింది.

మనం పాడ్‌కాస్ట్ అని కొత్తగా మొదలుపెట్టినదానికి మెదడు అప్పుడే ఉంది. ఒక్కటే తేడా. అప్పుడు ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి రోజులు పట్టేవి. ఇప్పుడు ప్రశ్న అదే రాత్రి వస్తుంది. జవాబు ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉన్నామా అన్నదే మిగిలింది.

ఆగస్టు 7, గురువారం

అమెరికా 25 శాతం సుంకం ఇవాళ్టి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంకో 25 శాతానికి నిన్న సంతకం అయింది, అది 27 నుంచి. మన రొయ్యకి అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు వాళ్లే. పొద్దుటి నుంచి ఫోన్లన్నీ రేటు గురించే.

మధ్యాహ్నం సార్‌తో వాదన. చెక్‌ట్రే వీడియో ఆయన చివరిదాకా చూశారు. "బాగుంది గానీ, మేత కంపెనీ మేత తగ్గించండని వీడియో పెడితే పైవాళ్లు ఏమంటారమ్మా?"

"మిగిలిన మేత అడుక్కి పోయి కుళ్లుతుంది సార్. అమ్మోనియా పెరుగుతుంది. నలభై ఐదో రోజున పంట పోతే మిగతా బస్తాలు ఎవరు కొంటారు?"

"అది నాకు తెలుసు. పైవాళ్లకి నెల లెక్కలు కావాలి."

అప్పుడే డీలరు గారు వచ్చారు. ఆయన నా వైపు నిలబడతారని అనుకోలేదు. "సార్, మేత నేను అరువు ఇస్తాను. పంట పోతే పోయేది నా డబ్బు. ఈ వీడియో ఇవ్వండి, ప్రతి బస్తాతో పాటు నేనే పంపిస్తాను" అన్నారు. వీడియో చివర కంపెనీ పేరు రెండు సెకన్లు, మధ్యలో ఎక్కడా బస్తా కనబడకూడదు అన్న నా షరతు కూడా ఆ వేడిలోనే సార్ ఒప్పేసుకున్నారు.

పాఠం మధ్యలో సరుకు దూర్చితే వినేవాడికి క్షణంలో తెలుస్తుంది. ఆ తర్వాత మనం చెప్పిన మంచి మాట కూడా అమ్మకం మాటే అయిపోతుంది.

ఆగస్టు 14, గురువారం

కాళ్ల ఊరికి వెళ్లే రోడ్డు మీద టీ కొట్టు. కొట్టాయన పొద్దున్నే మన ఆడియోని బ్లూటూత్ స్పీకరులో పెడుతున్నారని విని వెళ్లాను. నేనెవరో చెప్పలేదు. ఐదారుగురు వింటున్నారు. ఆకివీడు పెద్దాయన గొంతు కాలవలోకి నీళ్లు వదిలిన చోటికి రాగానే ఒకరు ఆపమన్నారు. ఆగింది. ఆపి పది నిమిషాలు పోట్లాడుకున్నారు. ఎవరి చెరువు నీళ్లు ఎవరి మీదికి వచ్చాయన్న పాత లెక్కలన్నీ బయటికొచ్చాయి. చివరికి ఒక మాట మీదికి వచ్చారు: తెగులు తగిలితే ఆ కాలవ మీద ఉన్నవాళ్లందరికీ ముందు ఫోన్ చెయ్యాలి.

ఈ మాట నా ఆడియోలో లేదు. ఆడియో ఆగినచోట పుట్టింది.

డిజిటల్ గ్రీన్ వాళ్ల అనుభవమూ ఇలాంటిదే. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో రికిన్ గాంధీ మొదలుపెట్టిన పని. రైతుల చేతే వీడియోలు తీయించి, ఊళ్లో చిన్న గుంపుకి వేసి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడించడానికి ఆ ఊరి మనిషినే పెట్టారు. మామూలు విస్తరణ పద్ధతి కంటే ఏడు రెట్లు ఎక్కువగా రైతులు కొత్త పని చేపట్టారని వాళ్ల తొలి అధ్యయనం. చూసేవాళ్లు ముందడిగే ప్రశ్న, "ఈ వీడియోలో ఆయన పేరేంటి, ఏ ఊరు?" అనేనట. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరు సంగం రేడియో కూడా 2008 నుంచి ఈ దారిలోనే ఉంది. అక్కడ మైకు పట్టేది, విత్తనం గురించి చెప్పేది ఆ పల్లెల దళిత మహిళలే.

మా దగ్గర పేరు, ఊరు చెప్పడానికి రేటు భయం అడ్డం. అందుకే ఇంకో దారి పట్టాలి. ఊరు చెప్పకపోయినా నీరు ఎంత ఉప్పో, చెరువు ఎన్ని ఎకరాలో, ఎన్నో రోజు పంటో చెప్పాలి. రైతుకి ఆ మూడూ తెలిస్తే ఆయన తన చెరువు పక్కన పెట్టి పోల్చుకుంటాడు.

ఆగస్టు 20, బుధవారం

పైనుంచి నివేదిక అడిగారు. వ్యూలు ఎన్ని, లైకులు ఎన్ని, సబ్‌స్క్రైబర్లు ఎంతమంది. రాసి పంపాను. ఆ అంకెలతో నాకు పెద్ద పని లేదు.

నా కొలత ఫోన్ పుస్తకంలో ఉంది. జూన్‌లో వచ్చిన ఫోన్లు "రొయ్య తినట్లేదు, ఏం మందు వెయ్యమంటారు?" అని ఉండేవి. ఇప్పుడు వచ్చేవి వేరే. "చెక్‌ట్రేలో పావు వంతు మిగిలిందండి, పేగు సగం ఉంది, నిన్న వాన పడింది, ఏరేటర్లు రాత్రంతా తిప్పాం. మేత ఇంకో పూట తగ్గించమంటారా?" ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. నేర్చుకున్నారన్నదానికి ఇంతకంటే రుజువు ఏ గీతలోనూ కనబడదు. మందు గురించి అడగడం తగ్గడం ఇంకో మేలు. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే విదేశాల్లో సరుకు మొత్తం వెనక్కి తిప్పుతారు.

టెక్నీషియన్ కుర్రాడు ఇవాళ ఒక మంచి మాట తెచ్చాడు. కొన్ని చెరువుల మీద ఒడిశా కుర్రాళ్లు ఉన్నారు, మన ఆడియో వాళ్లకి అర్థం కాదు, కానీ మాటల్లేని ఆ చెక్‌ట్రే వీడియోని వాళ్లలో వాళ్లు పంపుకుంటున్నారట. శ్రీకాకుళం అబ్బాయి బిగుసుకుపోయి మాట్లాడకపోవడం మంచికే వచ్చింది. తర్వాతి మూడు వీడియోలు మాటల్లేకుండానే: డీవో మీటరు ముంచడం, సీడు సంచిని చెరువు నీటికి అలవాటు చెయ్యడం, వాన పడ్డాక పైనీళ్లు తోడేయడం.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

పండగ పూటే 50 శాతం సుంకం మొదలైంది. పత్రి తేవడానికి వెళ్తే బజారులో కూడా అదే మాట. ఉండ్రాళ్లు ఉడికేలోగా ఫోను మూడుసార్లు మోగింది. సీడు వెయ్యాలా వద్దా, వేస్తే ఎంత పలచగా వెయ్యాలి, ఇప్పుడే పట్టుబడి చేసేయాలా ఇంకో పది రోజులు ఆగాలా.

వీటికి కంపెనీ దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు మాట్లాడకూడదు. ఆ మాటే ఆడియోలో మొదట చెప్పాను. రేటు ఎటు పోతుందో చెప్పలేం, ఖర్చు లెక్క మాత్రం కలిసి వేద్దాం అని. ఎకరా చెరువు, సీడు, మేత, కరెంటు, లీజు, కూలీ, ఒక్కోటీ చదివి, పక్కన రైతు తన అంకె చెప్పి, ఏ కౌంటు దగ్గర పట్టుబడి చేస్తే చేతికి ఎంత మిగులుతుందో లెక్కవేశాం. ఇరవై నిమిషాలు. ఆరు నిమిషాల సూత్రాన్ని ఇక్కడ పక్కనపెట్టాను. తన డబ్బు లెక్క వినేవాడు మధ్యలో లేచిపోడు.

సాయంత్రానికి వచ్చిన వాయిస్‌లలో చాలావాటిలో ఒకే ఎదురు ప్రశ్న: అన్నిటికంటే పెద్ద ఖర్చు మేతే కదండీ, దాని ధర మీరెప్పుడు తగ్గిస్తారు?

ఆగస్టు 31, ఆదివారం

తర్వాతి సదస్సు ప్లాను రాశాను. ఉపన్యాసం లేదు. ముందు వారం నాలుగు చిన్న ఆడియోలు, రెండు వీడియోలు పంపుతాం. వినొచ్చినవాళ్ల ప్రశ్నలతోనే సదస్సు మొదలవుతుంది. చెరువు మీద కుర్రాళ్లకి ఆ రోజు కూలి ఇచ్చి వాళ్లనీ పిలుస్తాం. చేతులు కడుక్కునేచోట ఒక మైకు. సదస్సు అయ్యాక జవాబు దొరకని ప్రశ్నలకి వారానికొకటి చొప్పున ఆడియో, తర్వాతి సదస్సు దాకా.

సార్ అన్నిటికీ తలూపారు. మేత ధర ప్రశ్న దగ్గర ఆగారు. "అది మన చేతుల్లో లేదు కదమ్మా, వదిలెయ్యి."

వదిలేస్తే మిగతావన్నీ పోతాయన్నాను. అడగమని మైకు ఇచ్చి, ఇష్టం లేని ప్రశ్న రాగానే మైకు కట్టేస్తే, కాలవ నీళ్ల సంగతి చెప్పిన పెద్దాయన ముందు మనం ఎలా నిలబడతాం? ఆయన తన తప్పు ఊరందరికీ వినిపించారు. కంపెనీ తన ధర లెక్క వినిపించలేదా?

చాలాసేపటికి ఫోన్ చేశారు. ధర ఎప్పుడు తగ్గుతుందో చెప్పనట, కానీ బస్తాలో చేపపొడి ఎంత, సోయా పిండి ఎంత, గోధుమ పిండి ఎంత, వాటి రేట్లు ఎలా ఉన్నాయి, రవాణా ఎంత, డీలరుకి ఎంత పోతుంది అన్నది చెప్తానన్నారు. చాలు. రికార్డింగ్ మంగళవారం మధ్యాహ్నం, కార్లోనే. ముందు సీట్లో సార్, పక్కన డీలరు గారు, వెనక సీట్లో నాతో పాటు చెక్‌ట్రే వీడియో చెరువు యజమాని గారు. మొదటి ప్రశ్న ఆయనే అడుగుతారు. ఏం అడగాలో నేను రాసివ్వడం లేదు.